ఎండాకాలం సెలవుల్లో వెనకబడ్డ చదువును అందుకోవడం: మన ఊళ్లో నెల రోజుల శిబిరానికి సమగ్ర మార్గదర్శి

మూడో తరగతి పాసై నాలుగులోకి వెళ్తున్న పాపకు రెండో తరగతి వాచకంలోని నాలుగు వాక్యాలు చదవడం రాకపోతే, నాలుగో తరగతి పుస్తకం ఆ పాపకు ఎందుకూ కొరగాదు. టీచరు ఎంత బాగా చెప్పినా పాఠం అందదు. ఇలాంటి పిలకాయలు ఏ ఊళ్లోనో ఒకరిద్దరు ఉన్నారనుకుంటే పొరపాటు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2022 లెక్క ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 10.3 శాతం. 2018లో అది 22.6 శాతం. అప్పుడే తక్కువ, కరోనా తర్వాత అందులో సగం కూడా మిగల్లేదు.

2020 మార్చిలో మూతపడ్డ బడులు చిన్న తరగతులకు 2021 ఫిబ్రవరిలో గానీ తెరవలేదు. రెండో వేవ్‌లో మళ్లీ మూసి ఆగస్టు 16న తెరిచారు. ఆ రోజుల్లో ఒకటో తరగతిలో చేరినవాళ్లు ఇప్పుడు హైస్కూలు మెట్లెక్కారు. వాళ్లలో చాలామందికి పోయిన అక్షరాలు ఇంకా తిరిగి రాలేదు. కరోనా ఒక్కటే కారణమూ కాదు. కుప్పం, పలమనేరు వైపు నుంచి కూలికి బెంగళూరు పోయి వచ్చే కుటుంబాలు, ఇటుక బట్టీలకు వెళ్లేవాళ్లు, ఏడాదికి రెండు బడులు మారే పిల్లలు, వీళ్లందరికీ మధ్యలో ఎక్కడో తెగిపోయింది.

దీన్ని అందుకోవడానికి మనకు ఏటా దొరికే సమయం ఒకటుంది. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు బడులకు సెలవులు. మొత్తం 49 రోజులు. అందులో నెల రోజుల శిబిరం ఎలా పెట్టాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఊళ్లో ఉన్న టీచరు, డిగ్రీ చదివే అమ్మాయి, పిల్లల తల్లి, ఎవరైనా మొదలుపెట్టొచ్చు. తిరుపతి, చిత్తూరు జిల్లాల పల్లెలను మనసులో పెట్టుకుని రాస్తున్నాను కాబట్టి మన జాతర్లు, మన ఎండ, మన మామిడి కోతలు ఇందులో ఉంటాయి.

ముందుగా తేల్చుకోవాల్సింది: ఇది ట్యూషన్ కాదు

సెలవుల్లో చదువు అనగానే చాలామంది వచ్చే ఏడాది పుస్తకం తెచ్చి మొదటి పాఠం మొదలుపెడతారు. లేదంటే పోయిన ఏడాది పుస్తకాన్నే మళ్లీ చెబుతారు. రెండూ వద్దు. పది నెలలు బడిలో చెప్పినా ఎక్కని పాఠం నెల రోజుల్లో ఎక్కదు. అసలు లోపం ఆ పాఠంలో లేదు, రెండు మూడేళ్ల కిందటి మెట్టులో ఉంది. శిబిరం పని ఒక్కటే: పిల్ల ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టి, అక్కడి నుంచి చెప్పడం. ఏ తరగతి అన్నది పక్కన పెట్టేయాలి.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. 1995లో మొదలైన ప్రథమ్ సంస్థ ఈ పద్ధతిని దేశమంతా నడిపింది. ఉత్తరప్రదేశ్‌లో 2013-14లో పది, ఇరవై రోజుల చొప్పున శిబిరాలు పెట్టి, మూడు నుంచి ఐదో తరగతి పిల్లలను మెట్ల వారీగా కూర్చోబెట్టి చెప్పారు. ఏడాది చివర పేరా గానీ కథ గానీ చదవగలిగినవాళ్లు, శిబిరాలు లేని ఊళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నారు. మొత్తం శిబిరం రోజులు యాభై మాత్రమే. మన దగ్గరి సంగతే చూస్తే, మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడి వాళ్లు చుట్టుపక్కల పల్లె బడుల్లో మెట్ల వారీ కార్డులతో ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి మెట్టు మీద వాళ్లు పని చేసుకునే పద్ధతి అది.

ఏప్రిల్ మొదట్లో చేసుకోవాల్సిన ఏర్పాట్లు

చోటు చూసుకోండి. బడి వరండా అయితే మేలు: నీళ్లు, బాత్రూమ్, నల్లబల్ల ఉంటాయి. హెడ్మాస్టర్‌ని అడిగి, మండల విద్యాశాఖాధికారికి ఒక అర్జీ రాసి అనుమతి తీసుకోండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు. బడి దొరక్కపోతే భజన మందిరం, అంగన్వాడీ, కమ్యూనిటీ హాలు చూడండి. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది కాలనీలు ఊరికి దూరంగా ఉంటాయి. అక్కడి పిల్లలను ఊళ్లోకి రమ్మని పిలిచి రాలేదని అనుకోవడం కంటే, కాలనీలోనే చెట్టు కింద ఇంకో గుంపు పెట్టడం మంచిది.

చెప్పేవాళ్లు పదిహేను మంది పిల్లలకు ఒకరు ఉండాలి. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు సెలవులకు ఊరికొచ్చి ఉంటారు. బి.ఇడి. చేస్తున్నవాళ్లు, కార్వేటినగరం డైట్‌లో (టీచర్ల శిక్షణ సంస్థ) చదువుతున్నవాళ్లు మీ చుట్టుపక్కల ఉంటే తప్పకుండా అడగండి. బాగా చదువుకున్నవాళ్లే కావాలని పట్టుబట్టకండి. ఓపిక, రోజూ వేళకు రావడం, పిల్లల మీద చెయ్యి ఎత్తకపోవడం, ఇవి ఉంటే చాలు. చెయ్యి ఎత్తడం గురించి మొదటి రోజే గట్టిగా చెప్పండి. విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్నీ, మాటలతో హింసించడాన్నీ రెండింటినీ నిషేధించింది. ఏ గదిలోనైనా పెద్దవాళ్లు ఇద్దరుండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి, తలుపులు తెరిచే ఉంచాలి.

వేళ పొద్దున ఏడున్నర నుంచి పదిన్నర. పదకొండు దాటితే మే నెల ఎండకు పిల్లలను ఇంటికి పంపడమే ప్రమాదం. ఏడు లోపల పెట్టుకుంటే, పాలకేంద్రానికి పాలు పోయడానికి వెళ్లే ఇళ్లలో పిల్లలకు కుదరదు. సాయంత్రం వేళ బాగుంటుందని కొందరంటారు గానీ, సాయంత్రం ఆటల వేళ. దాన్ని లాక్కుంటే పిల్లలకు మనమీద కోపమే మిగులుతుంది.

తేదీలు మే 1 నుంచి జూన్ 7 దాకా వేసుకోండి. ఆదివారాలు, జాతర రోజులు తీసేస్తే 28 రోజుల దాకా వస్తుంది. ఏప్రిల్ చివరి వారం పరీక్షకు, చెప్పేవాళ్ల తయారీకి. జూన్ 8 తర్వాత మూడు నాలుగు రోజులు పిల్లలను వదిలేయండి. మేనత్త ఇంటికో అమ్మమ్మగారింటికో పోయి వస్తారు.

సామాన్లకు పెద్ద ఖర్చు లేదు. తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు, చార్టులు, సుద్దముక్కలు, రబ్బరు బ్యాండ్లు, చీపురు పుల్లలు, చింతగింజలు, పిల్లకొక నోటు పుస్తకం, పెన్సిలు. చదవడానికి కథలు కావాలి. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. మెట్ల వారీగా విడదీసి ఉంటాయి కాబట్టి ఎంచుకోవడం తేలిక. ఇరవై ముప్పై కథలు ప్రింటు తీసి కుట్టించుకుంటే శిబిరం మొత్తానికి సరిపోతాయి.

ఇంటింటికీ వెళ్లడం

దండోరా వేయించినా, వాట్సాప్‌లో పెట్టినా చాలదు. ఇంటికి వెళ్లి తల్లితో మాట్లాడాలి. “సెలవుల్లో కూడా బడేనా సార్?” అని మొదటి ప్రశ్న వస్తుంది. రెండోది ఇంకా కష్టమైనది: “మా అబ్బోడు అయిదో తరగతి, మూడో తరగతి పిలకాయలతో కూర్చోబెడతారా?”

దీనికి జవాబు ముందే తయారుగా ఉంచుకోండి. ఆ అబ్బాయిని తల్లి ముందే ఒక చిన్న పేరా చదవమనండి. నిందించేలా కాదు, దగ్గర కూర్చుని, నెమ్మదిగా. చాలామంది తల్లులకు బిడ్డ చదువు ఎక్కడుందో తెలియదు. మార్కుల కాగితం వేరే చెబుతుంది. తన చెవితో విన్నాక ఆమె వాదించదు. “అక్కా, నెల రోజులు పంపించు, జూన్‌లో మళ్లీ నీ ముందరే చదివిస్తాము” అనండి. ఆ మాట నిలబెట్టుకోండి. తల్లి సంతకం గానీ వేలిముద్ర గానీ తీసుకుని, ఫోన్ నంబరు, పిల్లకున్న జబ్బులు, వాడే మందులు రాసుకోండి.

మూడో తరగతి పూర్తిచేసినవాళ్ల నుంచి ఆరు పూర్తిచేసినవాళ్ల దాకా తీసుకోవడం మంచిది. ఒకటి, రెండు తరగతుల పిల్లలు అక్కల వెంట వచ్చి కూర్చుంటారు, తరిమేయకండి. బొమ్మలు గీయడానికి కాగితం ఇవ్వండి. వాళ్లు రాకపోతే అక్కలూ రారు.

పరీక్ష: శిబిరానికి ఇదే పునాది

ఒక్కో పిల్లను విడిగా కూర్చోబెట్టి, నోటితో చదివించే పరీక్ష ఇది. రాత పరీక్ష పెట్టకండి. గుంపులో అడగకండి, పక్కవాళ్లు అందిస్తారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు.

నాలుగు భాగాల కాగితం ఒకటి తయారు చేసుకోండి. మొదటి దాంట్లో పది అక్షరాలు: క, మ, ట, ల లాంటివి. రెండో దాంట్లో పది చిన్న మాటలు: పలక, బావి, గుడి, కోతి, మేక. మూడో దాంట్లో ఒకటో తరగతి స్థాయి పేరా, నాలుగు వాక్యాలు. నాలుగోది రెండో తరగతి స్థాయి కథ, ఎనిమిది పది వాక్యాలు. పేరా ఇలా ఉండొచ్చు: “సీత ఇంటి ముందు మామిడి చెట్టు ఉంది. చెట్టు నిండా కాయలు ఉన్నాయి. కోతులు వచ్చి కాయలు తిన్నాయి. సీత కేకలు వేసింది.” పాఠ్యపుస్తకంలోది ఎత్తిరాయకండి. పుస్తకంలో పాఠం కంఠతా వచ్చిన పిల్లలు ఒక్క అక్షరం చూడకుండా అప్పజెప్పేస్తారు.

అసర్ సర్వేలో వాడే వరసే ఇక్కడా మంచిది. ముందు పేరా ఇవ్వండి. వాక్యాన్ని వాక్యంలా చదివి, మూడు తప్పుల లోపల ఉంటే కథకు వెళ్లండి. పేరా రాకపోతే మాటలకు రండి. ఏవైనా ఐదు మాటలు అడిగి, నాలుగు చదివితే ఆ పిల్ల మాటల మెట్టు మీద ఉన్నట్టు. మాటలూ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదుకు నాలుగే లెక్క. కిందనుంచి పైకి వెళ్తే తప్పు మీద తప్పు వచ్చేదాకా ఆపము, పిల్ల నిరాశతో లేస్తుంది. మధ్యలో మొదలుపెడితే ఆ బాధ తక్కువ.

చదివేటప్పుడు ఎలా చదువుతోందో కూడా రాసుకోండి. “కో… తు… లు… వ… చ్చి” అని విడివిడిగా చదివే పిల్ల అక్షరాలు తెలిసిన పిల్లే. కానీ వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట మరిచిపోతుంది, కాబట్టి అర్థం చిక్కదు. ఇలాంటి పిల్లలే మీకు ఎక్కువమంది కనిపిస్తారు. తరగతిలో టీచరు కంట పడనిదీ వీళ్లే, ఎందుకంటే నోటు పుస్తకం నిండా నల్లబల్ల మీది రాత ముత్యాల్లా దించుకుని ఉంటారు.

లెక్కలకూ ఇదే పద్ధతి. 1 నుంచి 9 అంకెలు గుర్తుపట్టడం, రెండంకెల సంఖ్యలు చదవడం, అప్పు తీసుకునే తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో పేరు పక్కన రాసుకోండి.

నగరి, పుత్తూరు, సత్యవేడు, గుడిపాల వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఉంటారు, కుప్పం, వి.కోట వైపు కన్నడం, పట్టణాల్లో ఉర్దూ. వీళ్లు కథ చదివి అర్థం చెప్పలేకపోతే మొద్దు అనుకోకండి. ఇంటి భాషలో చెప్పమనండి, గలగలా చెబుతారు. తమిళంలో క-గ, ట-డ, త-ద, ప-బ జంటలకు ఒక్కో అక్షరమే ఉంటుంది. ఆ ఇళ్ల పిల్లలు తెలుగులో ఆ జంటల దగ్గర తడబడితే అది తెలివితక్కువతనం కాదు. ఆ జంటలను నోటితో పలికిస్తూ విడిగా సాధన చేయిస్తే సర్దుకుంటుంది.

గుంపులు చేయడం

అక్షరం, మాట, పేరా, కథ. తెలుగుకు నాలుగు గుంపులు, లెక్కలకు వేరే గుంపులు. తెలుగులో వెనకబడ్డ పిల్ల లెక్కల్లో ముందుండొచ్చు కాబట్టి రెండూ కలపకండి. గుంపులకు మొదటిది, రెండోది అని పేర్లు పెట్టొద్దు. బేనీషా, తోతాపురి, నీలం, మల్గోవా అని మామిడి పేర్లు పెట్టండి, మన పిల్లలకు ఏది పెద్దది ఏది చిన్నది అన్న గొడవ ఉండదు. అయిదో తరగతి అబ్బాయి అక్షరాల గుంపులో పడితే, ఆ గుంపులో నల్లబల్ల తుడవడం, పుస్తకాలు పంచడం లాంటి పెత్తనం అతనికి అప్పజెప్పండి.

గుంపు శాశ్వతం కాదు. పది రోజులకొకసారి మళ్లీ చదివించి పై మెట్టుకు మార్చండి. ఇది మానేస్తే శిబిరం మళ్లీ మామూలు తరగతిలా తయారవుతుంది.

మూడు గంటల్లో ఏం చేయాలి

మొదటి పావుగంట అందరూ కలిసి: పాట, పొడుపు కథ, ఒక కథ గట్టిగా చదివి వినిపించడం. తర్వాత గంటసేపు తెలుగు, గుంపుల్లో. ఆపైన పావుగంట విరామం, రాగిజావ గానీ మజ్జిగ గానీ, బొరుగులు. తర్వాత గంటకు కొంచెం తక్కువ లెక్కలు. చివర అరగంట ఆటలు, బొమ్మలు, పుస్తకాల పెట్టె. ఇంటి పని ఇవ్వకండి. ఒక కథ పుస్తకం ఇంటికి పంపండి, చాలు.

తెలుగు చెప్పడం

అక్షరాల గుంపుకు అ ఆ ఇ ఈ నుంచి వరసగా మొదలుపెట్టకండి. ఙ, ఞ, ౠ లాంటి అక్షరాల మీద ఒక్క రోజు కూడా పెట్టొద్దు, పిల్లల కథల్లో అవి తగలవు. ల, ర, క, ప, మ, న, డ, వ, గ, త, ఈ పది అక్షరాలతోనే ఎన్ని మాటలు వస్తాయో చూడండి: పలక, వల, కల, నగ, వడ, మడక, పడవ, తల. మొదటి రోజే పిల్ల ఒక మాట చదివి ఇంటికి వెళ్తుంది. వ, మ, ప, ష లాంటి దగ్గరి పోలికలున్నవి ఒకే రోజు చెప్పకండి, కలగాపులగం అవుతుంది.

గుణింతాల పట్టిక గోడకు పెద్దదిగా అంటించండి. రోజూ అయిదు నిమిషాలు వేలు పెట్టి చదివించండి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. నిలువుగా చదవడం చాలా అవసరం. అడ్డంగా చదివితే క కా కి కీ అని పాటలా వచ్చేస్తుంది, కంటికి పని ఉండదు. నిలువుగా కి, గి, చి, జి అని చదివేటప్పుడు గుడి గుర్తు ఎక్కడుందో కన్ను వెతుక్కోవాలి. తర్వాత ఆట: పట్టికలో నీ పేరు వెతుకు. రవి, లత, గోపి అయితే దొరికిపోతుంది. మునెమ్మ అయితే ము దొరుకుతుంది, నె దొరుకుతుంది, మ్మ దొరకదు. “సార్, నా పేరు ఇందులో లేదు” అని పిల్లే వచ్చి అడుగుతుంది. ఒత్తులు మొదలుపెట్టాల్సింది ఆ రోజే.

ఒత్తుల దగ్గర ఎక్కువసేపు ఆగండి. మన పిల్లలు ఎక్కువగా చిక్కుకుపోయేది అక్కడే. గ, చ, డ, ద, ప, బ లాంటి వాటికి ఒత్తు దాదాపు అదే అక్షరం, తలకట్టు ఉంటే తీసి కింద పెడితే చాలు. పిల్లలకు వెంటనే పట్టుబడుతుంది. కానీ క, త, న, మ, య, ర, ల, ఈ ఏడింటికి ఒత్తు రూపమే వేరు. అన్నీ కలిపి ఒక చార్టు మీద రాసి చదవమంటే భయపడతారు. వీటిని ఇంటి మాటలతో చెప్పండి: అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల, గొర్రె. ఏడు మాటల్లో ఏడు ఒత్తులూ వచ్చేస్తాయి. ఒక్కో మాట ఒక్కో కార్డు మీద పెద్దగా రాసి, ఒత్తును రంగు పెన్సిల్‌తో దిద్దించండి. ఆ కార్డులు గోడ మీదే ఉండాలి. కథలో “మెత్తగా” దగ్గర ఆగిపోతే జవాబు మీరు చెప్పకండి, గోడ మీది “అత్త” వైపు వేలు చూపండి. మామూలు ఒత్తులు వచ్చాక భక్తి, పుస్తకం, చంద్రుడు లాంటి వేరే అక్షరం ఒత్తులకు వెళ్లండి.

పేరా గుంపుకు వేరే సాధన కావాలి. వాళ్లకు అక్షరాలు వచ్చు, వేగం లేదు. ఒక పేజీ కథ ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలి. మీరు మామూలుగా మాట్లాడే వేగంతో చదవండి, పిల్లలు వేలు పెట్టి వెంట రావాలి. రెండోసారి మీతో కలిసి చదవాలి. మూడోసారి ఇద్దరిద్దరు ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి. అదే కథ మరుసటి రోజు మళ్లీ. కొత్త కథల కోసం తొందరపడకండి, ఒకే కథను నాలుగుసార్లు చదివాక వచ్చే ధైర్యం నాలుగు కొత్త కథలకు రాదు. చదివాక మాట్లాడించండి. కోతులు కాయలు తింటే సీత ఏం చేసుండొచ్చు? మీ ఇంట్లో అయితే ఎవరు తరిమేవాళ్లు?

రాయడం అన్ని గుంపులకూ రోజూ ఉండాలి. నల్లబల్ల చూసి దించుకునే రాత కాదు, సొంత మాట. అక్షరాల గుంపు ఒక బొమ్మ గీసి కింద ఒక మాట రాయాలి. కథల గుంపు నాలుగు వాక్యాలు రాయాలి: నిన్న మా ఆవు ఈనింది, మా నాయన మామిడికాయలు లారీకి ఎత్తినాడు. మన ఇళ్లలో మాట్లాడే మాటల్లోనే రాయనివ్వండి. ఎర్ర సిరాతో ప్రతి తప్పూ దిద్దొద్దు. ఈ రోజు దీర్ఘం ఒక్కటే చూస్తానని నిర్ణయించుకుని అదొక్కటే సరిచేయండి.

ప్రైవేటు ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా వస్తారు. తెలుగు చదవడం రాక, ఇంగ్లిష్ చదివినా అర్థంకాక మధ్యలో నిలబడి ఉంటారు. వాళ్లనూ ఇదే మెట్లలో పెట్టండి. ముందు ఇంటి భాషలో చదివి అర్థం చేసుకోవడం అలవాటైతే, ఇంగ్లిష్ పట్టుకోవడం తేలికవుతుంది. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉంటాయి కాబట్టి, కథల గుంపుకు చివరి పది రోజుల్లో వాటిని వాడుకోవచ్చు.

లెక్కలు చెప్పడం

42లోంచి 17 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. తప్పు అని కొట్టేసి వదిలేయకండి. “ఎట్లా చేసినావు నాయనా?” అని అడగండి. “ఏడులో రెండు తీస్తే అయిదు, నాలుగులో ఒకటి తీస్తే మూడు సార్” అంటాడు. చూశారా, తీసివేత వచ్చు, పెద్ద అంకెలోంచి చిన్నది తీయాలన్నదీ గుర్తుంది. పదులు, ఒకట్లు అన్నదే ఎక్కలేదు. అప్పు తీసుకోవడం గురించి ఎన్నిసార్లు నల్లబల్ల మీద చెప్పినా ఈ తప్పు పోదు.

చీపురు పుల్లలు తీయండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండ్ వేసి కట్టలు కట్టించండి, ఆ కట్టడం పిల్లలే చేయాలి. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు: నలభై రెండు. ఇప్పుడు నాకు పదిహేడు ఇవ్వు అనండి. ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, చేతిలో రెండే ఉన్నాయి. కాసేపు అటూ ఇటూ చూస్తాడు. తొందరపడి చెప్పకండి. తనే ఒక కట్ట విప్పుతాడు. ఇప్పుడు మూడు కట్టలు, పన్నెండు విడివి. ఏడు ఇచ్చాడు, అయిదు మిగిలాయి. ఒక కట్ట ఇచ్చాడు, రెండు మిగిలాయి. ఇరవై అయిదు. రెండు మూడు రోజులు ఇలా చేతులతో చేశాక కాగితం మీద అప్పు తీసుకోవడం అంటే కట్ట విప్పడమే అని తెలుస్తుంది.

నూట అయిదు రాయమంటే 1005 అని రాసే పిల్లలకు ఇంకో సాధనం. 100 అని ఒక పొడవాటి కార్డు, 5 అని ఒక చిన్న కార్డు. చిన్న కార్డును పెద్దదాని చివరి సున్నా మీద పెట్టించండి. సున్నా కింద దాక్కుంటుంది, 105 కనిపిస్తుంది. ఇరవై తర్వాత తెలుగు సంఖ్యల పేర్లు చాలా తిన్నగా ఉంటాయి, ముప్పై నాలుగు అన్నప్పుడు పదులూ ఒకట్లూ విడిగా వినిపిస్తాయి. ఇంగ్లిష్‌లోనే లెక్కపెట్టడం అలవాటైన పిల్లలతో తెలుగులో కూడా చెప్పించండి.

ఎక్కాలు కంఠతా పట్టించడానికి నేను వ్యతిరేకిని కాదు, కానీ చింతగింజలను వరసలుగా పేర్చి మూడు నాలుగులు ఎంతో చూశాకే. లెక్కలన్నీ ఊళ్లోవే ఇవ్వండి: పాలకేంద్రం చీటీలో లీటర్లు, పెట్టెకు ఇన్ని కాయలైతే అయిదు పెట్టెలకెన్ని, ముగ్గురికి బస్సు చార్జీ ఎంత. వామనగుంటలు, పులి-మేక ఆడించండి.

ఎండ, జాతర, భారతం

ప్రతి అరగంటకు నీళ్లు తాగించండి, గంట కొట్టి మరీ. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఆశా కార్యకర్తను అడిగి ముందే తెచ్చి పెట్టుకోండి. తల తిరుగుతోందన్న పిల్లను నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో తుడిచి, తల్లికి కబురు పెట్టండి. మాట తడబడినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజు శిబిరం వద్దు.

మే నెలలో తిరుపతిలో గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అంటూ పిల్లలు వేషాలు కడతారు. ఆ వారం తరగతులు పెట్టి పిల్లలు రాలేదని బాధపడటం అర్థం లేని పని. చివరి మూడు నాలుగు రోజులు సెలవిచ్చి, తిరిగి వచ్చాక ఎవరు ఏ వేషం వేశారో చెప్పించి, రాయించండి. నెల మొత్తం మీద మీకు దొరికే మంచి రాతలు అప్పుడే వస్తాయి. పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిగే ఊళ్లలో ఇంకో ఇబ్బంది: మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. పొద్దున పిల్లలు నిద్రలేవరు. ఆ రోజుల్లో శిబిరాన్ని ఎనిమిదిన్నరకు మార్చి రెండు గంటలే పెట్టండి. రాత్రి చూసిన ఘట్టాన్ని పొద్దున పిల్లలే చెబుతుంటే, మీరు నల్లబల్ల మీద వాళ్ల మాటల్లోనే రాసి, దాన్నే ఆ రోజు పాఠంగా చదివించండి. కథ తెలుసు, మాటలు తమవే, కాబట్టి చదవడానికి వెనకాడరు.

మామిడి కోతలకు, ఆవుల దగ్గరికి వెళ్లే పిల్లలు వరసగా రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి వెళ్లండి. తిట్టడానికి కాదు, ఏ వేళకు కుదురుతుందో కనుక్కోవడానికి. ఇద్దరు ముగ్గురుంటే సాయంత్రం ముప్పావు గంట విడిగా చెప్పేయొచ్చు.

చివరి వారం, ఆ తర్వాత

మొదట చేసిన పరీక్షే మళ్లీ చేయండి, పేరా, కథ కొత్తవి పెట్టి. మొదటి పరీక్ష చేసినవాళ్లు కాకుండా ఇంకొకరు చేస్తే మంచిది, మనం చెప్పిన పిల్ల అనే మెత్తదనం అడ్డురాదు. అందరూ కథ దాకా రారు. అక్షరాల నుంచి మాటలకు వచ్చిన పిల్ల కూడా ఒక మెట్టు ఎక్కినట్టే, తల్లికి అలాగే చెప్పండి. నెలలో ఒక్క అడుగు కూడా కదలని ఒకరిద్దరు ఉంటే కంటి పరీక్ష, చెవి పరీక్ష చేయించమని చెప్పండి. కళ్లజోడు లేక వెనకబడ్డ పిల్లలు ఉంటారు.

ఏప్రిల్‌లో ఇచ్చిన మాట ప్రకారం తల్లులను పిలిచి, ఒక్కొక్కరి ముందు వాళ్ల బిడ్డతో చదివించండి. స్టేజీ, దండలు, మైకు వద్దు. చాప మీద కూర్చుని ఒకరి తర్వాత ఒకరు.

జూన్ 12న బడి తెరిచిన వారంలోపే పిల్లల జాబితా తరగతి టీచరుకు ఇవ్వండి: పేరు, ఏప్రిల్‌లో ఏ మెట్టు, జూన్‌లో ఏ మెట్టు, ఏ ఒత్తు దగ్గర, ఏ లెక్క దగ్గర ఇంకా ఆగుతోంది. ఒక్క పేజీ చాలు. టీచరు తప్పు ఎంచినట్టు కాకుండా, సాయం చేసినట్టు ఇవ్వండి. కొత్త పాఠాల టెన్షన్‌లో ఉన్న టీచరుకు ఆ కాగితం ఎంతో పనికొస్తుంది. పుస్తకాల పెట్టె మాత్రం బడికి ఇచ్చేయకండి. ఊళ్లోనే ఒక ఇంట్లో పెట్టి, ఆదివారం పొద్దున గంటసేపు తెరవండి. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో రాసే పని, అయిదో తరగతిలో ఉండి అక్షరాల గుంపులో కూర్చున్న ఆ అబ్బాయికే అప్పజెప్పండి.